ముఖం సరిపోలలేదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే మూడు రాజ్యాల నడుమ, ఒక స్త్రీకీ ఒక యంత్రానికీ జరిగిన మహాసంగ్రామాన్ని ఇప్పుడు చెప్పబోతున్నాను. ఇందులో వ్యూహం ఉంది, శౌర్యం ఉంది, మరణం ఉంది. పద్దెనిమిది పర్వాలకు సరిపడా సరుకు.

కాదు లెండి. మరణం ఒక్కటే నిజం. మిగతాదంతా ఒక మొబైల్ యాప్‌లో హాజరు పడకపోవడం గురించి. ఆ రాజ్యాల మధ్య నేను తిరిగింది పల్లెవెలుగు బస్సులో, అదీ నిలబడి.

అప్పుడు నేనొక విశ్వవిద్యాలయంలో పరిశోధన సహాయకుణ్ణి. ఊళ్ళలో ఆరోగ్య వాలంటీర్లుగా పనిచేసే ఆడవాళ్ళ చేతికి ఫోన్లూ యాప్‌లూ వచ్చాక వాళ్ళ పని ఎలా మారిందన్నది మా అంశం. మిర్యాలగూడలో ఉండే మా అమ్మ, నా ఉద్యోగం గురించి చుట్టాలకు, "మావోడు ఫోన్లు నొక్కేటోళ్ళను సూసొస్తడు" అని చెప్పేది. మా ప్రాజెక్టు ప్రతిపాదన చాలా పేజీల్లో చెప్పింది కూడా అదే. కిరాయి గది సూర్యాపేటలో, తిరుగుడు కోదాడ చుట్టుపక్కల.

మేళ్లచెరువు దారిలో ఒక ఊరుంది. ఆ ఊరి వాలంటీరును మా ప్రొఫెసర్ మేడమే ఏరి ఇచ్చారు. కంప్యూటర్ తెర మీద ఆమె పేరు పక్కన అన్నీ పచ్చగుర్తులే, గైర్హాజరన్న మాట లేదు. ఆదర్శ కార్యకర్తను కళ్ళారా చూద్దామని పొద్దున్నే పోయాను. ఆదర్శ కార్యకర్త మంచంలో ఉంది.

నలభై ఏళ్ళు కూడా ఉండవు. కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు సూర్యాపేట పోయి డయాలసిస్ చేయించుకుంటోంది. హాజరు ఎలా పడుతోందో నా ఎదుటే చూపించారు, దాపరికం ఏమీ లేదు. తోడికోడలు ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టి, నైటీ మీదే యూనిఫాం చీర కొంగు వేసి పిన్ను పెట్టింది, బొట్టు బిళ్ళలాంటివేవీ లేని నుదురు తడిగుడ్డతో తుడిచింది. వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. నడుం కిందికి దుప్పటి. యాప్ నడుం కిందికి అడగదు. ఫోను ముఖానికి ఎదురుగా పట్టగానే కళ్ళు ఆర్పమంది, ఆమె ఆర్పింది, పచ్చగుర్తు పడింది. తరువాత తోడికోడలు అదే చీర తాను కట్టుకుని, అదే ఫోను పట్టుకుని, బాలింతల ఇళ్ళకూ బీపీ వాళ్ళ ఇళ్ళకూ బయల్దేరింది.

రూలు ఇదీ. వాలంటీరుకు సెలవు ఉండదు, ఎందుకంటే అది ఉద్యోగం కాదు, సేవ. హాజరు తగ్గితే మాత్రం తీసేస్తారు. ఉద్యోగమే కానిదాంట్లోంచి ఎలా తీసేస్తారని మేడమ్‌ను అడిగితే, "మంచి ప్రశ్న, రాసుకో" అన్నారు. రాసుకున్నాను.

ఆమె భర్త సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తి ఎత్తి నడుం పోగొట్టుకున్నాడు. నెలనెలా ఆ ఇంట్లోకి ఏమైనా వస్తోందంటే ఈ సేవ వల్లే. తోడికోడలు పది పాస్ కాలేదు కాబట్టి పని ఆమె పేరుకు మారదు. ఆ పచ్చగుర్తు ఆగితే పొయ్యి ఆగుతుంది.

కిడ్నీ జబ్బుకు నీరు పట్టే గుణం ఉంది. మరోసారి నేను పోయేసరికి ఆమె ముఖం బాగా ఉబ్బి, కళ్ళు గీతల్లా అయ్యాయి. యాప్ ఆమెను ఒప్పుకోవడం మానేసింది. "ముఖం సరిపోలలేదు" అని మంచి గ్రాంథికంలో చెబుతోంది.

"తమ్మీ, నువ్వు కంప్యూటర్ సదివినవంట గదా, జర సూడు" అంది తోడికోడలు.

"నేను సోషియాలజీ అక్కా."

"అంటే?"

"అంటే కంప్యూటర్ రాదు."

మంచంలోంచి ఆమె అందుకుంది. "పోనియ్యే. నాకు మాత్రం ఏమొచ్చు? ఊరోళ్ళంత డాక్టరమ్మ అంటలేరా?"

ముఖం కొత్తగా నమోదు చేయించాలంటే కోదాడ ఆఫీసుకు మనిషే రావాలట. ఆటోలో ముగ్గురం పోయాం. కోదాడ చేరేసరికి మన భాషలో కృష్ణా నీళ్ళు కలుస్తాయి. ఆపరేటర్ పాత ఫోటో చూసి, "ఏంటమ్మా, ఇంత ఒళ్ళు చేశారు?" అన్నాడు.

"మంచిగ తింటున్న సార్" అంది ఆమె.

అతను నవ్వి, కొత్త ముఖం ఎక్కించాడు. "ఊరికూరికే మారిస్తే పైవాళ్ళు అడుగుతారండీ. ఇక ఈ ఏడాదికి కుదరదు" అని చెప్పి పంపించాడు. గెలిచామని బయట సోడా తాగాం. ఆమెకు నీళ్ళు కొలిచి తాగమన్నారు కాబట్టి మేమిద్దరం తాగాం, ఆమె చూసింది.

ఇప్పుడు యాప్‌కు తెలిసింది ఉబ్బిన ముఖం. డయాలసిస్ చేయగానే నీరు దిగి ముఖం సన్నబడేది. సన్నబడిన ముఖం సరిపోలేది కాదు. మళ్ళీ నీరు పట్టేదాకా హాజరు పడదు. ఈ సంగతి ఆపరేటర్‌కు తట్టలేదు, నాకు తట్టలేదు, మా ప్రతిపాదనలో లేనే లేదు.

కొన్ని రోజులకు తెర మీద పచ్చగుర్తులు వరసగా పడసాగాయి. మేడమ్ సంతోషించారు. నాకు మాత్రం లెక్క కుదరలేదు. ఊరికి పోయాను. ఆమె ముఖం బూరెలా ఉంది, కూర్చునే ఆయాసపడుతోంది.

"దవాఖానకు పోతలేవా అక్కా?"

"పోతే నీ యాప్ నన్ను గుర్తువట్టదు తమ్మీ."

"నా యాప్ కాదక్కా."

"మరి నీదేంది?"

"నాది దాని మీద పరిశోధన."

"అంటే సూస్తవ్."

"సూస్త."

"సరే, సూడు. ఈ నెల ఎల్లనియ్యి, పోత."

తోడికోడలు గోడవైపు తిరిగి, "నేను జెప్పి జెప్పి సచ్చిన. నా మాట ఇంటదా?" అంది. భర్తకూ చెప్పాను. మేడమ్‌కు ఫోన్ చేశాను. ఆవిడ నిజంగానే కంగారుపడి పైఆఫీసుకు రాశారు. వాళ్ళు అందినట్టు జవాబిచ్చారు.

నెల వెళ్ళలేదు. ఒక పొద్దున నీరు ఊపిరితిత్తుల్లోకి చేరింది. సూర్యాపేట పోయే దారిలో, అంబులెన్సులోనే అయిపోయింది. ఆ రోజు హాజరు పడింది. ఎక్కించేముందు ఆమే అడిగి పెట్టించుకుందట.

సమాధి దగ్గర పాస్టరు ఆమెను నమ్మకమైన దాసురాలు అన్నాడు. హాజరు ప్రకారం అందులో అబద్ధం లేదు. మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పాను. పరిశోధనకు ఆమె సంతకంతో అనుమతి తీసుకున్నావా అని అడిగారు. తీసుకున్నానన్నాను. పేరు లేకుండా రాయమన్నారు. అందుకే ఇక్కడా లేదు.

జనమంతా పోయాక తోడికోడలు నన్ను పక్కకు పిలిచింది. "తమ్మీ, పని నేనే చేసిన గదా ఇన్నొద్దులు. నాకిస్తరా?"

"పది పాస్ గావాలె అక్కా."

"ఇప్పుడు రాస్తే?"

"రాయొచ్చు. అయితే అప్పటిదాక ఆగరు."

ఆమె తల ఊపి, యూనిఫాం చీర మడత పెట్టుకుంటూ లోపలికి పోయింది.

పోస్టు ఖాళీ పడింది. అదే ఊళ్ళో ఉంటున్న, పది పాసైన పెళ్ళైన ఆడవాళ్ళు పెట్టుకోవచ్చు. కోదాడ ఆఫీసులో పనిరోజుల్లో మధ్యాహ్నం భోజనం వేళ లోపు దరఖాస్తులు తీసుకుంటారు. ఆఫీసు పక్కన జిరాక్స్ షాపు మూసేశారు, కాగితాలు బస్టాండు దగ్గరే తీయించుకుని పోవాలి.