ఒక పక్కకు ఒరిగిన మూపురం

నా చిన్నప్పుడు మా ఇంట్లో బైబిలు వాక్యం క్యాలెండరు పక్కన ఒక కారు ఫొటో వేలాడేది. ఊళ్లో ఎవరికీ కారు లేని రోజుల్లో మా తాతయ్య తన చేతులతో చేసిన కారది. ఆయన చర్చి బల్లలు, ఎడ్లబండ్లు చేసే వడ్రంగి. నేను పుట్టకముందు ఒక పొగాకు వ్యాపారి గుంటూరు ఎగ్జిబిషన్లో పెట్టడానికి కొత్త రకం కారు కావాలంటే, పాత జీపు చట్రం మీద టేకు, రేకు కలిపి కట్టాడట. దాని ముందుభాగం ఒంగోలు గిత్త మూపురంలా పైకి లేచి ఉండేది. జనం మూగి చూశారు గానీ, అలాంటిది ఇంకొకటి చేయించుకున్నవాడు లేడు. మోజు తీరాక వ్యాపారి దాన్ని విప్పించి పాత ఇనుములోకి తోలేశాడు. మిగిలింది ఆ ఒక్క ఫొటో, అదీ పక్కనుంచి తీసింది.

ఎనభైల్లో, నాకు తొమ్మిదేళ్లప్పుడు, తాతయ్యకు చూపు పూర్తిగా పోయింది. మనిషి కూడా చిక్కిపోయాడు. "ఆ బండిని ఇంకొక్కసారి తడిమితే చాలురా" అని ఒకరోజు మా నాన్నతో అన్నాడు. నాన్న లారీ బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. ఆ వారమే ఒక పాత జీపు చట్రం తెచ్చి పెరట్లో పెట్టాడు. తాతయ్య ఉండగానే పూర్తవ్వాలని ఆయన ఆరాటం. ఆ ఏడాది మిరపకాయలు ఆరబోసుకునే జాగా అంతా రేకు ముక్కలే.

మూపురం రేకు కోయడానికి అచ్చు కాగితం కత్తిరించే పని నాకిచ్చారు. క్రిస్మస్ నక్షత్రాలు కత్తిరించి నా చెయ్యి తిరిగి ఉంది మరి. ఫొటోలో ఎత్తు తెలుస్తుంది గానీ, ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో తెలియదు. తాతయ్యను అడగొచ్చు. నేను అడగలేదు, నాకంత తెలివి! పేపరు మధ్యకు మడిచి కత్తిరించి విప్పితే రెండు పక్కలూ ఒక్కలాగే వచ్చాయి. నాన్న మెచ్చుకున్నాడు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మూడు నెలలకు కారు తయారైంది. ఆదివారం ఆరాధన అయ్యాక తాతయ్యను దాని దగ్గరికి తీసుకొచ్చాం. లైట్లు, చక్రాల మీది రేకు రెక్కలు తడుముతూ నవ్వుకున్నాడు. మూపురం దగ్గర చెయ్యి ఆగింది. అటూ ఇటూ రెండుసార్లు నిమిరి, "మంచి కారేరా. కానీ నాది కాదు" అన్నాడు.

నాన్న ముఖం మాడిపోయింది. వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. నాకు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

తాతయ్య నా భుజం పట్టుకుని పక్కింటి రైతు కొట్టంలోకి నడిపించమన్నాడు. అక్కడ గిత్త పక్కన నిలబెట్టి, "కళ్లు మూసుకోవే" అని నా చేతిని దాని మూపురం మీద పెట్టాడు. వెచ్చగా, బరువుగా, ఎడమ పక్కకు ఒరిగి ఉంది. రోజూ చూసే గిత్తే. ఆ ఒరుగు నాకెన్నడూ కనపడలేదు.

"కాగితం మడిచావా?" అని అడిగాడు. అవునన్నాను, ఏడుపు తన్నుకొచ్చింది. "దేవుడు మడిచి కత్తిరించలేదమ్మా" అని నవ్వి నా తల నిమిరాడు.

ఇంటికి రాగానే నాన్నకు నేనే చెప్పాను, తప్పు నాదని, మూపురం ఒరగాలని.

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా నాన్నా!" అని ఆయన తాతయ్య మీద లేచాడు.

"అడిగితేగా చెప్పేది" అన్నాడు తాతయ్య.

ఆ రేకు ఊడదీశారు. ఈసారి అచ్చు కాగితం లేదు. తాతయ్య వేలు పెట్టి చూపించిన చోటల్లా నాన్న సుత్తి పడింది. మూడో రోజు సాయంత్రం తాతయ్య మూపురాన్ని మెల్లగా నిమిరి, అరచేత్తో చరిచి, "హోయ్, పదరా" అన్నాడు. నాన్న ఏడవడం నేను చూసింది అప్పుడే.

ఆ వేసవి దాటకుండానే తాతయ్య పోయాడు. నేను పెద్దయి డ్రాయింగు టీచరునయ్యాను. ఎవరికైనా గుర్తున్నదాన్ని మళ్లీ చేయాల్సి వస్తే ముందు వాళ్లనే అడుగుతాను. అడగడానికి మనిషి లేకపోతే కళ్లు మూసుకుంటాను. అరచేతి కింద ఆ వెచ్చటి బరువు ఇప్పటికీ ఎడమ పక్కకే ఒరుగుతుంది.