ముళ్లు తీయని గులాబీ

ఈ శనివారం మెట్టుగూడ చౌరస్తాలో పూలమ్మే ఆవిడ గులాబీ కాడ మీద కత్తితో ముళ్లు గీకుతుంటే పచ్చివాసన గుప్పుమంది. "ఉండనీయండి, ముళ్లతోనే ఇవ్వండి" అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. ఒకప్పుడు నేనూ మార్తా టీచర్‌ను అలాగే చూశాను.

మార్తా టీచర్ మా పక్కింటావిడ. నేను ఇంటర్‌లో ఉండగా సాయంత్రాలు ఇంగ్లీషు చెప్పేది. భర్త ఎప్పుడో పోయాడు. ఉన్నదల్లా కొడుకు జోజి, వాకిట్లో గులాబీ మొక్కలు. శనివారం మరియమాత రోజని పూలు కోసి చర్చికి తీసుకెళ్లేది, తోడుగా నన్నూ లాక్కుపోయేది. కోసిన ప్రతి పువ్వునూ ముందు తనే ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చేది. దేవుడి పువ్వు వాసన చూస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని, మొదటిసారి చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనయింది.

"అయ్యో టీచర్, ఎంగిలి కాదా?"

"అమ్మకు పెట్టే కూర ఉప్పు సూడకుంట పెడ్తమా బిడ్డా?" అని నవ్వింది.

తర్వాత చిన్న చాకుతో ఒక్కో ముల్లూ గీకేసేది. మరియమ్మ తల్లిని ముళ్లులేని గులాబీ అంటారట, పాపం అంటని తల్లి గనుక. "గసుంటి అమ్మకు ముండ్లెట్ల ఇస్తం?" అనేది. ఆవిడ వేళ్లు ఎప్పుడూ గీరుకుపోయే ఉండేవి. మెత్తటి పువ్వు మరియమ్మకు, ముళ్లన్నీ టీచర్‌కు, ఇదెక్కడి న్యాయమని నాకు లోపల చిరాకేసేది.

జోజి నేరేడ్‌మెట్ రోడ్డు మీద బండి జారి చనిపోయాడు. పొద్దున "వస్తా మమ్మీ" అని వెళ్లిన పిల్లాడు. టీచర్ ఏడవలేదు, ప్రార్థన చేయలేదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు దేవుడి చిత్తం అంటుంటే గోడవైపు తిరిగి కూర్చునేది. ఇక చర్చి గడప తొక్కదనే అంతా అనుకున్నాం.

శనివారం వచ్చింది. టీచర్ లేచి, చీర మార్చుకుని వాకిట్లోకి వెళ్లింది. మొక్కల నిండా పూలున్నాయి. అన్నిటినీ తెంపి నేలమీద పడేసింది. ఉత్త ముళ్ల కొమ్మను నరికి చేత పట్టుకుని బయల్దేరింది. భయంభయంగా వెంట నడిచాను. చర్చిలో జపమాల చెప్పుకుంటున్నవాళ్లంతా చూస్తుండగా దాన్ని తీసుకెళ్లి మరియమాత పాదాల దగ్గర పెట్టింది. ఎవరో "అపచారం" అన్నారు. ఒక పెద్దాయన కొమ్మను తీసేయబోయాడు.

"ముట్టకుండ్రి!" టీచర్ అరిచింది. ఆవిడకు అంత గొంతుందని నాకు తెలియదు. విగ్రహం వైపు తిరిగింది. "నా ఇంట్ల గివే మిగిలినయ్ అమ్మా. సిలువేసిననాడు నీ కొడుకు నెత్తికి గుచ్చింది సుత గివే గదా. నీకు ఎరుకే. నువ్వే చెప్పు, ఎట్ల బతికినవ్?"

దేవుళ్లను ఇలా నిలదీయొచ్చా? కళ్లు పోవా? టీచర్ అక్కడే కూలబడి, కొడుకు పోయాక మొదటిసారి, గొంతు చించుకుని ఏడ్చింది. కొమ్మ తీయబోయిన పెద్దాయనే వచ్చి ఆవిడ పక్కన మోకరించాడు.

మళ్లీ మొగ్గలు వేశాక టీచర్ ఎప్పటిలా పూలు తీసుకెళ్లింది, వాసన చూసి మరీ. చాకు మాత్రం ముట్టలేదు. ఎందుకని అడిగితే, "మా అమ్మకు ముండ్లు కొత్త గాదు బిడ్డా" అంది.

మా నాన్న పోయి రెండు నెలలు దాటింది. ఇంట్లో నేను దీపం పెట్టడం లేదు. కోపం. ఆ మాట ఎవరితోనూ అనలేదు, దేవుడితో అసలే అనలేదు. ఈ శనివారం మల్కాజ్‌గిరిలోని మా ఇంటికొచ్చి, ఆ గులాబీని గట్టిగా వాసన చూశాను. ముల్లు గుచ్చుకుని వేలు చురుక్కుమంది. పువ్వును అలాగే దేవుడి ముందు పెట్టి, "మా నాన్నను ఎందుకు తీసుకెళ్లావు?" అని అడిగాను. గొంతు నాకు తెలియకుండానే పెద్దదయింది.

పక్కగదిలోంచి అమ్మ పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"జరగవే" అంది నా పక్కన కూర్చుంటూ. "నేనూ అడగాలి."