రెండో బల్ల

డెబ్భైల చివర్లో మాట. మా ఆవిడ పోయేక, రాజోలులో మా పెరట్లో ఒక్కడినే కూర్చుని ఆరు నెలలు ఓ చిన్న చెక్క పడవ చేసేను. కాలవలో దింపి ఎక్కేనో లేదో, సందుల్లోంచి నీళ్లొచ్చి, గట్టు మీద జనమంతా చూస్తుండగా మునిగిపోయింది. మొలలోతు నీళ్లలో తల దించుకుని నిలబడ్డాను.

అందరూ నవ్వేరు. రేవులో పడవ నడిపే పెద్దాయన ఒక్కడే నవ్వలేదు.

"కొత్త పడవని ముందు మూడ్రోజులు నీళ్లలో ముంచి ఉంచాలండి. చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. ఎవర్నీ అడగలేదాండీ?"

అడగలేదు. ఏడాదిగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడిందే లేదు.

నాలుగో రోజు ఇద్దరం కలిసి తేల్చేం. చుక్క నీరు రాలేదు.

"ఒక్కరికి కూర్చునే బల్లలు రెండెందుకండీ?" అన్నాడాయన. లేని మనిషికి కూడా చోటు పెట్టేనని అప్పుడే తెలిసింది.

"మీకేనండీ, కూర్చోండి" అన్నాను. ఆ అబద్ధానికి ఇప్పటికీ బాధ లేదు.