బిల్లు లేకుండా కొన్న డ్రిప్పు పైపులు

మా ఇంట్లో అందరూ దుకాణదారులే. హఫీజ్‌పేట్‌లో నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది ఇనుప సామాను. చెప్పిన ధరకు కొనుక్కుని వస్తే తలవంపులుగా భావించే ఇంట్లో పెరిగాను. అందుకే పుప్పాలగూడలో ద్రాక్షతోట ఉన్న మా మేనత్త, డ్రిప్పు పైపులు కొనడానికి నన్ను వెంటబెట్టుకుని రాణీగంజ్ బజారుకు బయలుదేరింది.

తొంభైల చివరి సంవత్సరాలవి. మాదాపూర్ వైపు బండలు పేలుస్తున్న చప్పుడు అత్త తోట దాకా వినబడేది. ఆమె బోరులో నీళ్లు మాత్రం ఏటేటా అడుగంటుతున్నాయి. డ్రిప్పు వేసుకుంటే ఖర్చులో సగం సర్కారు తిరిగి ఇస్తుందని ఉద్యానశాఖ ఆఫీసరు చెప్పాడు. బోరు లోతు చేయించడానికి దాచుకున్న డబ్బే అత్త పైపులకు తీసింది. సబ్సిడీ వస్తేనే బోరు పని. రాకపోతే ఎండాకాలంలో తోట ఎండిపోతుంది.

"సబ్సిడీ ముచ్చట దుకాణంల ఎత్తకు, రేటు పెంచుతరు" అని బస్సులోనే అత్త నోరు కట్టేశాను.

దుకాణం యజమాని కోస్తా మనిషి, మర్యాదస్తుడు. గంటసేపు ఆయన ప్రాణం తీసి, చివరికి అడిగాను: "బిల్లు లేకుండ ఎంతకిస్తరు?"

"మీ ఇష్టమండి" అని తెల్లకాగితం మీద లెక్క రాసిచ్చాడు. పన్ను మిగిలింది, పైన ఇంకొంత తగ్గింది. తిరుగు దారి పొడవునా నా గొప్పలు నేనే చెప్పుకున్నాను.

పైపులు పరిచాక ఆఫీసరు వచ్చి వరుసలన్నీ తిరిగి చూశాడు. "మంచిగుందమ్మా. బిల్లేది?" అన్నాడు. నేను తెల్లకాగితం చూపించాను. "దీనిమీద దుకాణం పేరే లేదు. పక్కా బిల్లు లేంది ఫైలు కదలదు" అని చెప్పి వెళ్లిపోయాడు.

"ఏంది బిడ్డా, గిట్ల జేస్తివి! నా బోరు నీ బేరంల పాయె" అంది అత్త.

"ఫికర్ జేయకు అత్తా, రేపే పోత."

మర్నాడు నన్ను చూడగానే యజమాని కుర్చీ వేయించాడు. "రండమ్మా, ఇంకా తగ్గించాలా?"

"లేదండి, పెంచాలె."

ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి. సంగతంతా విని ఆయన నవ్వాడు. "సబ్సిడీ అని ముందే చెప్పుంటే బిల్లు వద్దన్నా నేనే రాసిచ్చేవాణ్ణి కదండీ!"

అయినా బుద్ధి మారలేదు. "పన్ను కడ్త, రేటు మాత్రం పాతదే ఉంచుండ్రి" అన్నాను.

"బిల్లు పుస్తకంలో ఒకటే రేటండి. వద్దంటే ఆ కాగితమే ఉంచుకోండి."

తప్పు నాది కాబట్టి తేడా నా డబ్బుల్లోంచే కట్టి పక్కా బిల్లు రాయించుకున్నాను. తిరిగిచ్చిన చిల్లర లెక్కపెట్టలేదని చెబితే బాగుంటుంది కానీ, మెట్లు దిగాక లెక్కపెట్టాను.

ఎండలు ముదరకముందే చెక్కు వచ్చింది. బోరు దిగింది. తోట నిలిచింది.

కోతల రోజు అత్త గుత్తులు తూస్తుంటే, అలవాటుకొద్దీ "కిలో ఎంత అత్తా?" అన్నాను.

"బిల్లుతోటా, బిల్లు లేకుండనా?" అంది తలెత్తకుండానే. కోతకొచ్చిన ఆడవాళ్లంతా పకపకా నవ్వారు.

బిల్లుతోనే అన్నాను. కొసరుగా ఇంకో రెండు గుత్తులు వేయమన్నాను.