ముసురు సెలవు

నేను ఏడో తరగతిలో బడి మానేసిన రోజు మా అయ్యవారు సంతోషం పట్టలేక పిల్లలందరికీ బెల్లం పంచారని మా వీధిలో ఒక పుకారు ఉంది. అది అబద్ధం. ఆయన పంచింది బొరుగులు. నా విలువ బెల్లం దాకా పోదని లెక్కల అయ్యవారికి తెలియదా?

బడి వదిలి మగ్గం గుంతలో దిగాను. మా నాన్న నేసిన మగ్గమే. ఇప్పటికీ దాని మీదే నూలు చీరలు నేస్తున్నాను. నేతలో చేతులకు పని, కాళ్ళకు పని, నోరు మాత్రం ఖాళీ. అందుకే నేతగాళ్ళలో వాగుడుకాయలు ఎక్కువ. మా వీధి మొత్తానికి నేను మొదటి ర్యాంకు. బడిలో రాని ర్యాంకు ఇక్కడ వచ్చింది.

పెళ్ళయిన చాలా ఏళ్ళకు నా భార్యకు కడుపు నిలిచింది. ఎనిమిదో నెలలో, కడపలో ఆసుపత్రిలో, బిడ్డ గుండె ఆగిపోయిందన్నారు. ఆడపిల్ల. నర్సు గుడ్డలో చుట్టి నా చేతికి ఇచ్చింది. నేనూ మా చిన్నాన్నా పోయి ఏటి ఒడ్డున పూడ్చి వచ్చాము.

ఇంట్లో ముసలివాళ్ళు పోతే ఏం చెయ్యాలో చెప్పడానికి వీధి వీధంతా వస్తుంది. ఎప్పుడు తల స్నానం, ఎప్పుడు పిండం, ఎప్పుడు పొయ్యి వెలిగించాలి, అన్నీ చెబుతారు. పుట్టకముందే పోయిన బిడ్డకు దినమూ లేదు, కర్మా లేదు. ఎన్నాళ్ళు ఏడవాలో, ఎప్పుడు మళ్ళీ మగ్గంలో కూర్చోవాలో చెప్పేవాళ్ళు లేరు. వచ్చినవాళ్ళు గడప దగ్గర కాసేపు నిలబడి పోయారు. ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి నేను నేయడం మొదలుపెట్టాను. ఆమె నాకు కావలసిన నూలు కండెలకు చుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరం బాగానే ఉన్నాం. ఒక రోజు పక్కింటి అవ్వ మా ఇంట్లో పప్పు నాలుక మీద వేసుకుని, "ఉప్పే లేదు గదరా దీంట్లో" అంది. అది ముందు రోజు నుంచి తింటున్న పప్పు. ఇద్దరికీ తెలియలేదు.

జోకులు మాత్రం ఆగలేదు. కాళ్ళు వాటంతట అవే మగ్గం తొక్కినట్టు నోరు దానంతట అదే ఆడేది. జనం నవ్వేవాళ్ళు. నేను ఏమన్నానో నాకే గుర్తుండేది కాదు.

అప్పుడు కమలాపురం నుంచి మా బావ, అంటే నా భార్యకు అన్న, ఫోను చేశాడు. "బావా, ఆదివారం వచ్చి చెల్లెల్ని తోడుకపోతా. కొన్నాళ్ళు ఈడుంటాది."

ఫోను పెట్టేసి ఆమెను అడిగాను. "పోతావా?"

"పోతా."

"మళ్ళా ఎప్పుడొస్తావు?"

"తెల్దు."

"అసలు వస్తావా?"

"తెల్దప్పా."

కండె చుట్టడం ఆపకుండానే చెప్పింది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే దానికి ఏదో ఒక మందు ఉండేది. ఆమె నిజంగానే తనకు తెలియదని చెబుతోంది. ఆదివారం ఆటో ఎక్కితే ఆమె తిరిగి రాదని నాకు తోచింది. తోచినా, ఎక్కడో పక్క వీధిలో ఎవరికో జరుగుతున్న సంగతిలాగే తోచింది.

ఆమె నన్ను పెళ్ళి చేసుకున్నది నా నోటిని చూసే. పెళ్ళిచూపుల నాడు వాళ్ళ నాన్న "అబ్బాయి ఏం చదివినాడు?" అంటే, "బడి గోడ మీది రాతలన్నీ చదివినా మామా" అన్నాను. ఆమె తలుపు వెనక కిసుక్కున నవ్వి దొరికిపోయింది. కాబట్టి నా లెక్క సులువు. ఆదివారంలోపు ఒక్కసారి నవ్వించాలి. నవ్వితే ఉంటుంది. నా దగ్గర ఉన్న సామాను అదొక్కటే.

బుధవారం ముసురు పట్టింది.

మా సీమలో ముసురును తిట్టాలంటే తలుపు మూసుకుని తిట్టాలి, ఎందుకంటే పక్కింట్లో రైతు ఉంటాడు. ఆయనకు అది దేవుడు. మాకు అది పని ఎగ్గొట్టే జబ్బు. ముసురు పడితే మగ్గం గుంతలో చెమ్మ ఊరుతుంది, మగ్గం మీద నిలువునా పరిచిన పోగులు, అదే పడుగు, నీరు తాగి సాగిపోతుంది, గంజి పెట్టిన నూలు ఆరదు. ఎండున్నంత కాలం నేస్తాం. కాబట్టి నేతగాడికి ఊళ్ళు తిరిగే సెలవు దొరికేది లోకమంతా ఇంట్లో కూర్చునే రోజునే. మా వాళ్ళ పెళ్ళిచూపులు, ఆసుపత్రులు, సినిమాలు అన్నీ తడిగుడ్డల్లోనే జరుగుతాయి.

గురువారం పొద్దున చెప్పాను. "మే, కడప అవతల, కర్నూలు రోడ్డులో కొత్త పార్కు పెట్టినారంట. జెయింట్ వీలు, నీళ్ళల్లో జారేవి, అన్నీ ఉండాయంట. పోదాం పా."

ఆమె వాన వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. "సరే" అంది. రానని అంటే ఇంకో మాట మాట్లాడాల్సి వస్తుందని ఒప్పుకున్నట్టుంది.

బస్సులో కండక్టరు మాకు తెలిసినవాడే. ఇప్పుడు ఆడవాళ్ళకు టికెట్టు లేదు కదా, ఆమె ఆధార్ కార్డు చూసి ఊరికే వదిలేశాడు. నాకు మాత్రం చెయ్యి చాపాడు.

"ఇదేం న్యాయమప్పా? వచ్చేదానికి మనసు లేని మనిషిని ఊరికే ఎక్కించుకుంటాండావు. ఆశపడి పోతాండే నన్ను దుడ్లు అడుగుతాండావు."

"చీరలు నేసేటోడివి, ఒకటి చుట్టుకోని రాకూడదా?" అన్నాడు కండక్టరు.

బస్సంతా నవ్వింది. ఆమె కిటికీ అద్దం మీద జారుతున్న నీటిని చూస్తూ కూర్చుంది.

పార్కు గేటు దగ్గర గొడుగు పట్టుకున్న వాచ్‌మన్ మమ్మల్ని చూసి లేచి వచ్చాడు.

"ఏమన్నా, దావ తప్పినారా?"

"లేదప్పా, ఈడికే."

"వాన పడతాండాది గదన్నా!"

"నీళ్ళల్లో ఆడే పార్కని బోర్డు పెట్టుకోని, పైనుంచి పడే నీళ్ళు పనికిరావంటే ఎట్ల?"

"నీళ్ళకేముందన్నా. ఉరుముతాండాది. పిడుగు పడితే మా ఓనరు నన్ను అడుగుతాడు, వాళ్ళకు టికెట్టు ఎందుకిచ్చినావని." ఆయన నా భార్య ముఖం చూశాడు. ఏమి కనిపించిందో, గొంతు తగ్గించాడు. "జెయింట్ వీలు బందు. జారుడు బండలు బందు. అద్దాల గది ఉండాది, కార్లు ఉండాయి, బజ్జీలు ఉండాయి. సాలనుకుంటే పోండక్కా."

లోపల మేమిద్దరమే. జెయింట్ వీలు ఆగిపోయి ఉంది, ప్రతి తొట్టిలోనూ నీళ్ళు. ఈత కొలనులోకి ఎర్రమట్టి నీళ్ళు దిగి టీ రంగుకు తిరిగింది. సిమెంటు ఏనుగు, సిమెంటు మొసలి తడుస్తున్నాయి. ఉన్నదాంట్లో గడుపుకుందామని ముందు బజ్జీల కొట్టుకు తీసుకుపోయాను. నేను వరసగా తింటూ పోయాను. పొట్లం ఖాళీ అవుతుంటే గానీ మిరపకాయ మండుతోందని తెలియలేదు. ఆమె ఒక బజ్జీ పట్టుకుని వేళ్ళు వెచ్చ చేసుకుంది. చల్లారాక కింద పెట్టింది.

సిమెంటు గొరిల్లా ఒకటి గుండెలు బాదుకుంటూ నిలబడి ఉంది. నేను దాని భుజం మీద చెయ్యి వేశాను. "మే, మీ అన్న ఆదివారం అన్యాడు గానీ అప్పుడే వచ్చేసినాడు సూడు."

ఆమె గొరిల్లాను శ్రద్ధగా చూసింది. "మా అన్నకు మీసముండాది" అంది.

జోకుకు జవాబు కాదది. తప్పు దిద్దడం.

తర్వాత అద్దాల గది. పైన 'నవ్వించే అద్దాలు' అని రాసి ఉంది. ఇక నాకు సాయం దొరికిందనుకున్నాను. మొదటి అద్దంలో నేను తాడులాగా సాగాను. "కరువులో పుట్టినోడు" అన్నాను. రెండో దాంట్లో తల గుమ్మడికాయ, కాళ్ళు బెత్తెడు. "మా అయ్యవారికి నేను ఇట్లే కనపడేవాణ్ణేమో" అన్నాను. మూడో అద్దంలో నా పొట్ట ఇంతెత్తున ముందుకు ఉబికింది. దాని మీద రెండు చేతులూ వేసి, నాయకుడిలాగా జనానికి దండం పెట్టి, పక్కకు జరిగాను.

నేను జరిగిన చోటుకు ఆమె వచ్చి నిలబడింది.

అద్దంలో అదే చీర, అదే ముఖం. కడుపు మాత్రం నిండుగా ఉంది.

నాకు అప్పుడు కూడా మాటలు వచ్చాయి. ఏమేమి అన్నానో చెప్పలేను. అద్దం చేసినవాణ్ణి ఏదో అన్నాను, ఆ గదిని ఏదో అన్నాను, ఆగకుండా అంటూనే ఉన్నాను. ఆమె వినలేదు. నేసిన గుడ్డలో పోగు తెగిందేమో వెతికినట్టు అద్దాన్ని పై నుంచి కింది దాకా చూసింది. ఒక పక్కకు తిరిగి చూసుకుంది. చెయ్యి కడుపు దాకా తీసుకుపోయి, తాకకుండా దించేసింది. తర్వాత నన్ను దాటుకుని బయటికి వెళ్ళింది.

నాకు ఏడుపు రాలేదు. కాళ్ళు తడిసి చల్లగా ఉన్నాయని మాత్రం అనిపించింది.

చివర్లో, ఒకదాన్నొకటి గుద్దుకునే చిన్న కార్లు ఉన్నాయి. చుట్టూ టైర్లు కట్టిన గోడ, పైన రేకుల కప్పు. నడిపే ముసలాయన స్టూలు మీద ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. ఆయన్ను చాచా అని పిలిచాను.

"మీ ఇద్దరే గదా బేటా. ఎవుర్ని గుద్దుతారు?" అన్నాడు.

"పెళ్ళయినప్పటి నుంచి మా పని అదే చాచా. కార్లే కొత్త."

చాచా నవ్వి స్విచ్చి వేశాడు. ఇద్దరం ఒకే కారులో కూర్చున్నాం, ఆమె చక్రం ముందు. కారు ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టులో మధ్యకు రాగానే కరెంటు పోయింది. చీకటి. ఆ వెంటనే వాన ఒక్కసారిగా పెరిగింది. రేకుల మీద పడే వాన ఎలా ఉంటుందో సీమలో అందరికీ తెలియదు, అంత వాన మాకు అరుదు. నెత్తి మీద కంకర పోస్తున్నట్టుంది.

"డ్రైవరమ్మా, దిగి తోసేదా?" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆమె చెవి దగ్గరికి వంగి మళ్ళీ అరిచాను. వినపడలేదు. ఇంకోసారి అరిచి, వదిలేశాను. నోరు మూసుకుని కూర్చున్నాను.

కాసేపటికి ఆమె పెదవులు కదలడం చూశాను.

నా వైపు తిరగలేదు. ఎదురుగా టైర్ల గోడను చూస్తూ మాట్లాడుతోంది. ఒక్క మాట కూడా నాకు అందలేదు. "ఏంది?" అని అడగాలి. అడగలేదు. అందులో గొప్పతనమేమీ లేదు, అరిచి అరిచి అలసిపోయాను, అంతే. ఆమె మాట్లాడుతూనే ఉంది. మధ్యలో ఆగి, కొంగుతో ముక్కు తుడుచుకుని, మళ్ళీ మొదలుపెట్టింది. చాచా స్టూలు అటు తిప్పుకుని వానలోకి చూస్తూ బీడీ కాల్చుకున్నాడు. ఎంతసేపో తెలియదు. నేను ఆమె పెదవులను చూస్తూ కూర్చున్నాను.

వాన సన్నబడేసరికి ఆమె ఆపేసింది. కరెంటు వచ్చింది. కారు తనంతట తాను ఎగిరి పోయి గోడను గుద్దింది. ఆమె చక్రాన్ని గట్టిగా పట్టుకుని కారు వెనక్కి తిప్పింది. చాచా ఆపేదాకా చుట్లు తిప్పుతూనే ఉంది. నవ్వలేదు. ఎక్కడా నవ్వలేదు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నవ్వించడం నా వల్ల కాలేదు కాబట్టి ఆదివారం ఆమె పోతుందనే అనుకున్నాను. ఊరు వచ్చిందని లేపాను.

ఆదివారం మా బావ ఆటోలో వచ్చాడు. ఆమె పెట్టె సర్దలేదు. అన్నకు అన్నం వడ్డించి, "నేను ఇప్పుడు రాలేన్నా" అంది.

"ఏంటికి? ఏమైనా అన్నాడా?" అని బావ నన్ను చూశాడు.

"ఏమీ అన్లేదు" అంది. "పడుగు ఆరబెట్టాల. ఒక్కడితో అయ్యే పని కాదు."

బావ తిని, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు. ఎందుకు ఉండిపోయావని నేను అడగలేదు. రేకుల కింద ఏం చెప్పావనీ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇల్లు అలాగే నడిచింది. నూలు, గంజి, కండెలు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున వీధిలో పడుగు సాగదీసి గంజి పెడుతున్నాం. నాలుగిళ్ళ వాళ్ళూ చేతులు వేశారు. నా నోరు ఊరుకోదు కదా. పార్కు కథ ఎత్తుకున్నాను. గొరిల్లా, బావ, చాచా, అన్నీ చెప్పాను, అద్దాల గది ఒక్కటి తప్ప. "పైకి నవ్వలేదు గానీ లోపల్లోపల నవ్వింటాది. నా జోకులకే గదా పుట్టింటికి పోకుండా ఉండిపోయింది" అన్నాను. అందరూ నవ్వారు.

ఆమె పడుగు అవతలి కొసన ఉంది. గంజి పూసే కుంచె ఆపలేదు, తల ఎత్తలేదు.

"నీ జోకులకు నేను ఉండ్లేదప్పా. ఆ రేకుల కింద ఒక్క గడియ నోరు మూసుకోని కూసున్యావు సూడు, దానికి ఉండా."