మిద్దె మీద బక్కెట్టు

ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ ఫ్యాక్షన్ రోజుల్లో జమ్మలమడుగు పక్క పల్లెకు కొత్తగా వచ్చిన టీచరు సిలబస్ కంటే ముందు ఏ వీధి ఏ పార్టీదో నేర్చుకోవాలి. నేను ఆ మొదటి పాఠం ఎగ్గొట్టాను. ప్రొద్దుటూరులో మా తాతా, నాయనా మిషన్ బడి పంతుళ్లే. చెప్పింది పిల్లలు నమ్మకపోతే నాకు అన్నం సహించేది కాదు. ఒకరోజు ఏడో తరగతికి రసాయన అవక్షేప శిలల పాఠం చెప్పాను. నీళ్లలో కరిగిన సున్నం, ఉప్పు లాంటివి నీళ్లు ఆవిరయ్యేకొద్దీ అడుగున పేరుకుంటాయి, పొర మీద పొర పడి, బరువుకు అణిగి రాయవుతాయి అన్నాను. "మీ ఇళ్లలో పరిచిన నాపబండ కూడా ఒకప్పుడు సముద్రపు నీళ్లలో కరిగి ఉన్న సున్నమే" అనేసరికి క్లాసంతా గొల్లున నవ్వింది. "బండ యాడన్నా నీళ్లల్లో కరుగుతాదా టీచరమ్మా!"

నాకు పౌరుషం వచ్చింది. ప్లాస్టిక్ బక్కెట్టు అడుగున చిక్కటి ఉప్పునీళ్లు పోసి, దుమ్ము పడకుండా పల్చటి గుడ్డ కట్టి, ఎండ బాగా తగలాలని బడి వెనక వీధిలోని పాత గది మిద్దె మీద పెట్టాను. "దీన్ని ఎవరూ కదిలించకూడదు, కదిలిస్తే అంతా అయిపోయినట్టే" అని అటెండరు తాతకు గట్టిగా చెప్పాను. ఆయన బెదిరిన మొహంతో తలాడించాడు. (గుడ్డ కట్టి మిద్దె మీద పెట్టిన, కదిలించకూడని బక్కెట్టులో ఏముంటుందో ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాటుబాంబులు అలాగే దాచేవారని నాకొక్కదానికే తెలియదు.)

మూడు వారాల తర్వాత ఒక ఉదయం బస్సు దిగేసరికి ఆ గది ముందు పోలీసు జీపు ఉంది. రెండు పార్టీలవాళ్లూ వీధికి చెరోపక్క నిలబడి, అది మాది కాదంటే మాది కాదని అరుస్తున్నారు.

"అది నా బక్కెట్టు సార్" అన్నాను.

ఎస్సై నన్ను కిందికీ మీదికీ చూశాడు. "నువ్వు ఏ పార్టీమ్మా?"

నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. కేసు రాస్తే నేరుగా ఇంటికే. "అందులో రసాయన... రసాయన శిల సార్" అన్నాను. రసాయనం అన్న మాట వినగానే కానిస్టేబుళ్లిద్దరూ రెండడుగులు వెనక్కి వేశారు.

చివరికి నేనే నిచ్చెనెక్కి దించి, గుడ్డ విప్పాను. నీళ్లు లేవు. అడుగున తెల్లగా, గట్టిగా ఉప్పు పెచ్చు కట్టింది. ఒక పార్టీ పెద్దాయన కాస్త గిల్లి నోట్లో వేసుకుని "ఉప్పేనప్పా" అన్నాడు. అవతలి పార్టీ పెద్దాయన ఆ మాట నమ్మకుండా తానూ ఒక పెచ్చు చప్పరించాడు. ఎస్సై నవ్వు ఆపుకోలేక జీపెక్కాడు. అక్కడే నిలబడి పాఠమంతా మళ్లీ చెప్పాను. ఈసారి ఊరంతా విన్నది.

అందరూ పోయాక తాత నా దగ్గరికి వచ్చాడు. "టీచరమ్మా, ఇంగొక బక్కెట్టు పెడతావా?"

"ఎందుకు తాతా? పిల్లలకు అర్థమైంది కదా."

"పిల్లోళ్లకు గాదమ్మా. అది ఆడున్నన్ని దినాలు, ఎదుటోళ్లదేమోనని బయపడి ఇద్దరూ ఈ వీధిలోకి రాలే. ఒక్క రాయి గూడా పడలే. నా మనవరాలు నిమ్మళంగా నీళ్లకు పోయొచ్చింది. ఇంగొక బక్కెట్టులో ఏముందో మల్లా ఎవురికి తెలుస్తాది?"

నేను నవ్వేసి క్లాసుకు వెళ్లిపోయాను.

రిటైరయ్యాక ఇప్పుడు నాపబండల మీద చాప వేసుకుని కూర్చున్నప్పుడు ఆయన మొహం గుర్తొస్తుంది. నీళ్లు కదలకుండా ఉంటేనే అడుగున ఏదైనా నిలుస్తుందని ఎన్ని క్లాసులకు చెప్పానో! ఆ రోజు ఆ మాట నిజంగా అర్థమైంది తాతకే. ఇంకో బక్కెట్టు పెట్టాల్సింది. పిడికెడు ఉప్పే కదా.