రాజ్యం అత్త చదువు

ఇవాళ మనవరాలు పెన్నులో సిరా పోస్తుంటే ఆ వాసనకు తిరువూరులోని మా పాత ఇల్లు గుర్తొచ్చింది. సిరాబిళ్ళలు నీళ్ళలో కరిగించి బుడ్డిలో పోసుకోవడం మన ఈడువాళ్ళకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా ఇంట్లో ఆ బుడ్డి నాదీ, మా రాజ్యం అత్తదీ.

అత్త అంటే నాన్న చెల్లెలు. చిన్నవయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అప్పటికి చదివింది మూడో తరగతే. వంటపని అయ్యాక మా అన్నయ్య పాత పుస్తకాలు ముందేసుకుని కూర్చునేది. అలాగే చదివి ఎనిమిదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాసి పాసైంది. టీచరు ట్రైనింగుకు బెజవాడ వెళ్తానని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది.

తాతయ్య ముద్ద కలపడం ఆపేశాడు. "ఊరుగాని ఊళ్ళో ఒక్కదానివీ ఎట్లా ఉంటావే? ఇక్కడ నీకేం తక్కువైంది?"

"తక్కువేం లేదు నాన్నా. నాకంటూ ఒక పని కావాలి."

ఎన్నడూ ఆయనకు ఎదురు చెప్పని నానమ్మ మెల్లగా అంది, "నా రోజులన్నీ వంటింట్లోనే వెళ్ళిపోయాయి. దాన్నన్నా పంపించండి."

తాతయ్య మళ్ళీ ముద్ద కలపడం మొదలుపెట్టాడు. అత్త బయల్దేరే రోజున మాత్రం తన కొట్టు మూసేసి, ఆమె ట్రంకుపెట్టె తనే మోసుకుంటూ బస్సు దాకా వెళ్ళాడు.

తర్వాత అత్తకు విస్సన్నపేట బడిలో ఉద్యోగం వచ్చింది. తాతయ్యతో కలిసి చూడ్డానికి వెళ్ళాను. అత్త పాఠం చెబుతోంది. ఆయన గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. అత్త చూసి లోపలికి రమ్మంది.

"నువ్వు చెప్పమ్మా," అన్నాడు తాతయ్య. "నేను వింటున్నా."